లైసెన్సు ఊరిది, భయం వాడది

ఈమధ్య కృష్ణపట్నం దగ్గర ఒక పాళెంలో కూచున్నాం. పాళెం పేరు రాయం. రాస్తే రేపు ఎవరి పని పోతుందో, ఎవరి గుడిసె మీదికి మనుషులొస్తారో మాకు తెలుసు. అంబేడ్కర్ బొమ్మ ముందు పట్టలు పరుచుకుని కూలి రేట్ల గురించి, శ్మశానానికి దారి గురించి, ఇళ్ళ స్థలాల గురించి మాట్లాడుకున్నాం. ఒక పక్క రేవు దీపాలు. 2008లో తెరిచిన రేవు. మొదట నవయుగ వాళ్ళది, 2020లో ముప్పాతిక వాటా, 2021లో మిగతాది కూడా అదానీ చేతికి పోయింది. ఇంకో పక్క నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడి పేరు పొగగొట్టానికెక్కింది. ఆయన పుట్టినట్టాంటి వాడలు పొగగొట్టం కిందనే ఉండిపోయాయి. ఈ రెంటి చుట్టూ రొయ్యల గుంటలు, గుంటల గట్ల మీద కాపలా గుడిసెలు.

మీటింగు అయిపోయి లేవబోతుంటే వెనక వరసలోంచి ఒక పిల్లగాడు అడిగాడు:

"అన్నా, తుపాకి లైసెన్సు ఎట్టా వస్తాది?"

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

వాడు రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా. గుంటల ఆసామి ఇంట్లో రెండు గొట్టాల తుపాకి ఒకటుంది. లైసెన్సు ముసలాయన పేరున ఉంది. ఆయనకి వయసైపోయింది, ఇప్పుడు కొడుకు పేరు మీదికి మార్పిస్తున్నారు. కొడుకు పట్నంలో ఉంటాడు, అక్కడ గన్ క్లబ్బులో మెంబరు. ఆ కాగితాలు జిరాక్సు తీయించి ముత్తుకూరుకి, నెల్లూరికి మోసింది ఈ పిల్లగాడే. అప్లికేషనులో ఏమేం అడిగారో మొత్తం చదివాడు. ఇంటరు చదివినోడు గదా. చదివి మాకు చెప్పిన మాట ఇది: "అన్నా, అన్నీ అడిగినారు. ఆ తుపాకి చూస్తే భయపడేది ఎవరని మాత్రం అడగలేదు."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాం.

పేలని తుపాకి

ముందు ఆ భయం ఎట్టాంటిదో చెప్పాలి. మొన్న వానల కాలంలో ఒక యానాది కుటుంబం గుంటల నీళ్ళు బయటికి పోయే కాలవలో పీతలు పట్టుకుంటోంది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిలకాయలు. కాలవ ఎవరి పట్టాలోనూ లేదు. ఆసామి గట్టు మీదికొచ్చి తుపాకి భుజానికెత్తి గురి పెట్టాడు. కాల్చలేదు. కాల్చాల్సిన పని లేదు. వాళ్ళు వల, బుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తారు. ఆ తర్వాత చాన్నాళ్ళు పిలకాయలు చీకటి పడ్డాక దొడ్డికి పోవడానికి కూడా బయటికి రాలేదు.

స్టేషనుకి పోతే అడిగిన ప్రశ్న ఒక్కటే: "కాల్చాడా? కాల్చలా గదా. లైసెన్సున్న తుపాకే గదా. అసలు నీకు ఆ గట్టు మీద పనేంది?"

లైసెన్సున్న తుపాకి. ఆ మాట వినండి. లైసెన్సు అంటే ఆ తుపాకికి ఒక నంబరుందని, ఒక యజమాని ఉన్నాడని, ఏదన్నా జరిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నాడని అర్థం. మన పల్లెల్లో మాత్రం ఎవడూ జవాబు అడగడని అర్థమైపోయింది. నాటు తుపాకి అయితే పోలీసులు కనీసం పట్టుకోవాలి. లైసెన్సు తుపాకి అయితే పోలీసులే దానికి సాక్షులు.

చట్టం తుపాకిని ఎట్టా చేతులు మారుస్తుంది?

చాలామంది అనుకుంటారు, మన దేశంలో తుపాకి దొరకడం మహా కష్టమని. నిజమే, కష్టమే. కాని అందరికీ ఒకే కష్టం కాదు. చట్టంలో ఉన్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి పొలం దారి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను ప్రకారం పంట కాపలాకి మందు కూరే తుపాకి అడగొచ్చు. నిజంగా పంట కోసమే అయితే లైసెన్సు ఇవ్వాలి. మంచిదే. పంట ఉన్నోడికి తుపాకి. పంట కోసేవాడికి కొడవలి.

రెండోది తండ్రి దారి. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం వారసుల గురించి చెప్తుంది. లైసెన్సుదారు చచ్చిపోతే వారసుడు అడగొచ్చు. బతికుండగా అయినా, డెబ్బయ్యేళ్ళు నిండితేనో, తుపాకి చేతికొచ్చి పాతికేళ్ళయితేనో వారసుడి పేరున ఇవ్వొచ్చు. అంటే మాగాణి పట్టా, మేడ, ఊళ్ళో పెద్దరికం ఎట్టా దిగుతాయో తుపాకి కూడా అట్టాగే దిగుతుంది. తాత చేతిలోంచి తండ్రికి, తండ్రి చేతిలోంచి కొడుక్కి. ఆ తుపాకిని చూసి మన తాత వంగాడు, మన నాయన వంగాడు. ఆ వంగడం కూడా మనకి వారసత్వంగా దిగాలనే వాళ్ళ ఆశ.

మూడోది అమ్మకం దారి. లైసెన్సున్నోడు లైసెన్సున్న ఇంకోడికి అమ్ముకోవచ్చు. 5వ సెక్షను ప్రకారం ఎవరికి అమ్ముతున్నదీ జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు ఆగాలి. ఈ 45 రోజులు ఎందుకు పెట్టారు? ఎవరన్నా అభ్యంతరం చెప్తారనా? చెప్పాలంటే మనకి తెలియాలి గదా. ఆ కాగితం ఏ చావడి గోడకీ అంటించరు. ఏ వాడలోనూ టముకు వెయ్యరు.

నాలుగోది క్లబ్బు దారి. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన రైఫిల్ క్లబ్బులో, రైఫిల్ అసోసియేషన్‌లో మెంబరైతే గురి సాధనకి తుపాకి లైసెన్సు ఇవ్వాలని అదే 13వ సెక్షను. 2016 నియమాల్లో, రెండేళ్ళుగా చురుగ్గా ఉన్న క్లబ్బు మెంబరు లైసెన్సుకి తగిన మనిషి. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మనిషికి మూడు తుపాకులుండొచ్చన్నది తగ్గించింది. బిల్లు పెట్టినప్పుడు ఒక్కటి చాలన్నారు, సభలో గొడవపడి రెండు చేసుకున్నారు. పాయింట్ 22 రైఫిలుతో సాధన చేసే క్లబ్బు మెంబరుకి ఆ లెక్క కూడా వర్తించదు.

ఐదోది పుట్టుక దారి. కర్ణాటకలో కొడగు వాళ్ళకి, జమ్మా భూములున్న వాళ్ళకి అసలు లైసెన్సే అక్కర్లేదు. తెల్లవాళ్ళ కాలంలో ఇచ్చిన మినహాయింపు అది. 1963లో మన ప్రభుత్వం కొనసాగించింది, 2019లో మళ్ళీ 2029 దాకా పొడిగించింది. కొడగు వాళ్ళ మీద మాకు పగేం లేదు. ఒక జాతిలో పుట్టినందుకు, ఒక రకం భూమి ఉన్నందుకు తుపాకి ఇవ్వొచ్చని రాజ్యం ఇప్పటికీ ఒప్పుకుంటోందని చెప్పడమే మా ఉద్దేశం.

పొలం, తండ్రి, కొనుగోలు, క్లబ్బు, పుట్టుక. ఐదు దారులూ ఎవరింటి ముందు కలుస్తాయో వేరే చెప్పాలా? ఆయుధాల చట్టం 14వ సెక్షనులో ఒక మంచి మాట కూడా ఉంది. ఆస్తి చాల్లేదనే ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని. ఆ మాట రాసిన వాళ్ళకి దండం. కాని ఆస్తి లేనోడు ఆ కిటికీ దాకా వచ్చే దారి ఏదో కూడా రాసుంటే బాగుండేది.

ఇదేం కొత్త కాదు. 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చినప్పుడు తెల్లవాళ్ళకి మినహాయింపు ఇచ్చాడు. అంతకు ఏడేళ్ళ ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఒక చట్టం కొందరి చేతికి తుపాకి ఉంచింది, ఇంకో చట్టం కొందరి పేర్లు పుట్టుకతోనే పోలీసు రిజిస్టరులోకి ఎక్కించింది. ఎరుకల వాళ్ళని పెట్టిన కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంటు మన నెల్లూరు జిల్లాలోదే గదా. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోలేదు. గట్టు మీద తుపాకి పట్టుకున్నోడు ఆసామి, కాలవలో పీతలు పట్టుకున్నోడు దొంగ.

క్లబ్బు గేటు

క్లబ్బు సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే "అది ఆట, దాంట్లో కులం ఎందుకు తెస్తారు" అని అడిగేవాళ్ళుంటారు.

ఆటే. మాకు కాదనే పని లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం కొట్టాడు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్‌లో అదే ఆటలో కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. సంతోషించాం. కాని బింద్రాకి తండ్రి ఇంటి కాడనే షూటింగు రేంజి కట్టించి ఇచ్చాడన్నది కూడా అందరికీ తెలిసిందే. మన పిల్లలకి రేంజి ఎక్కడుంది? తిరునాళ్ళలో. గుడ్డకి బుడగలు కట్టి, గాలి తుపాకి చేతికిచ్చి డబ్బులు తీసుకునే అంగట్లో. లేకపోతే కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఏడాదికి నాలుగు గుళ్ళు.

క్లబ్బు అంటే గోడ, గేటు, నెలసరి ఫీజు, నిన్ను తీసుకొచ్చి పరిచయం చేసే ఇంకో మెంబరు. రాసిన నిబంధనల్లో కులం ఎక్కడా ఉండదు. రాయక్కర్లేదు. "మీకు తెలిసిన మెంబర్లెవరన్నా ఉన్నారా?" అన్న ప్రశ్నలోనే మొత్తం ఉంది. మన పిల్లగాడికి తెలిసిన మెంబరు ఒకడే, ఆసామి కొడుకు. వాడు పరిచయం చేస్తాడా?

ఆట పట్నంలో ఆటే. సంక్రాంతికి అదే మనిషి ఊరికొచ్చి గట్టు మీద నిలబడితే అది ఆట కాదు. పట్నంలో నేర్చిన గురి పల్లెలో ఎవరి మీదికి తిరుగుతుందో క్లబ్బుకి అక్కర్లేదు, లైసెన్సు ఇచ్చేవాళ్ళూ అడగరు.

విచారణ ఎక్కడ జరిగింది?

లైసెన్సు ఇచ్చే ముందు దగ్గరి స్టేషను నుంచి పోలీసు రిపోర్టు తెప్పించుకోవాలి. చట్టమే చెప్పింది. ఆ రిపోర్టు ఎట్టా తయారవుతుందో మన పల్లెల్లో తెలియని వాళ్ళు లేరు. కానిస్టేబులు ఊళ్ళోకి వస్తాడు. ఆసామి వరండాలో కుర్చీ వేస్తారు. కాఫీ వస్తుంది. ఇరుగు పొరుగుని పిలుస్తారు. ఇరుగు ఆయన బావమరిది, పొరుగు ఆయన వియ్యంకుడు. "మంచి మనిషి, ఎవరి జోలికీ పోడు" అంటారు. రాసుకుంటాడు. రిపోర్టు అయిపోయింది.

అబద్ధం అని మేం అనం. వాళ్ళ జోలికి ఆయన పోడు. వాళ్ళు చెప్పింది నిజమే. కాని ఆయన ఎవరి జోలికి పోతాడో చెప్పగలిగిన వాళ్ళు ఆ వరండా మెట్టు దగ్గర కూడా లేరు. ఊరికి రెండు ఫర్లాంగుల అవతల ఉన్నారు. కానిస్టేబులు బండి అక్కడిదాకా పోలేదు.

మా వాదన ఇదే. తుపాకి ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు, ఆ తుపాకి ఎవరి వైపు తిరుగుతుందో వాళ్ళనే మొదట అడగాలి. కొత్త లైసెన్సైనా, రెన్యూవలైనా, తండ్రి నుంచి కొడుక్కి మార్పైనా సరే, విచారణ వాడలో కూడా జరగాలి. యానాది కాలనీలో జరగాలి. ఆడవాళ్ళని విడిగా అడగాలి. "ఈ మనిషి చేతిలో తుపాకి ఉంటే మీకు భయమా?" ఇదొక్క ప్రశ్న. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు సంతకంతో ఒక సర్క్యులర్ చాలు.

మన కోసం రాసిన మూడు వాక్యాలు

తుపాకుల గురించి రాజ్యం మనకోసం ఏమీ రాయలేదనుకుంటే పొరపాటు. రాసింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేశారు. దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. మూడో నియమం అత్యాచారాలు జరగకుండా ముందుగా ఏం చెయ్యాలో చెప్తుంది. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతాలని ప్రభుత్వం గుర్తించాలి. ఆ తర్వాత మూడు వాక్యాలున్నాయి.

మొదటిది: అవసరమని భావిస్తే, ఎస్సీ ఎస్టీలు కాని వాళ్ళ ఆయుధాల లైసెన్సులు, వాళ్ళ దగ్గరి బంధువులవి, పనివాళ్ళవి, కుటుంబ మిత్రులవి కూడా రద్దు చేసి ఆ ఆయుధాలని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి.

రెండోది: అక్రమ తుపాకులన్నీ పట్టుకోవాలి, అక్రమ తయారీని ఆపాలి.

మూడోది: ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం, అవసరమని భావిస్తే, ఎస్సీ ఎస్టీలకి ఆయుధాల లైసెన్సులు ఇవ్వాలి.

మళ్ళీ చదవండి. బంధువులవీ, పనివాళ్ళవీ, మిత్రులవీ అని రాశారంటే రాసినవాళ్ళకి పల్లె తెలుసు. ఆసామి తుపాకి లాక్కుంటే బావమరిది తుపాకి వస్తుందనీ, అది కూడా లాక్కుంటే జీతగాడి పేరున ఇంకోటి వస్తుందనీ తెలిసే రాశారు. అంత తెలిసి రాసిన నియమం ముప్పయ్యేళ్ళు దాటినా మన వాడల్లో ఒక్కరికీ తెలియదు. మీటింగులో అడిగాం, చెయ్యెత్తిన వాళ్ళు లేరు. "అవసరమని భావిస్తే" అన్న రెండు మాటల మధ్య ముప్పయ్యేళ్ళు దొర్లిపోయాయి. ఎవరు భావించాలి? భావించాల్సిన వాళ్ళు వరండాలో కాఫీ తాగుతుంటే ఎప్పుడు భావిస్తారు?

ఇంకో సంగతి. ఇదే నియమాల్లో 17వ నియమం ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ ఉండాలి, మూడు నెలలకొకసారి కూచోవాలి. దాన్ని వేసేదీ, నడిపేదీ జిల్లా మేజిస్ట్రేటు. ఆయుధాల లైసెన్సు ఇచ్చేది ఎవరు? జిల్లా మేజిస్ట్రేటే. రద్దు చేసే అధికారం కూడా 17వ సెక్షను ఆ కుర్చీకే ఇచ్చింది. ప్రజల శాంతికి, భద్రతకి అవసరమైతే చాలు. మన మీద జరిగిన అత్యాచారాల ఫైలు, వాళ్ళ తుపాకుల ఫైలు ఒకే టేబులు మీద ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివిన కలెక్టరుని మేం ఇంతవరకూ చూడలేదు.

"అయ్యా, లైసెన్సు తుపాకులు వెనక్కి తీసుకోవడం అంత తేలికా?" అంటారు. ఎన్నికలొచ్చినప్పుడు చూడండి. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమని తాకీదులు పోతాయి. 2024 ఎన్నికలకీ పోయాయి. పెద్ద పెద్ద ఆసాములే తెచ్చి అప్పగించి రసీదు తీసుకుంటారు. ఆకాశం విరిగి పడలేదు. ఓటు పెట్టె కోసం తుపాకి లాక్కోగలిగిన రాజ్యం, ఓటు వేసేవాడి ప్రాణం కోసం ఎందుకు లాక్కోలేదు?

"మన దగ్గర గొడ్డళ్ళే గదా"

కొందరు మిత్రులు అంటారు: మన రాష్ట్రంలో దళితుల్ని చంపింది తుపాకులతో కాదు గదా అని. నిజమే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని గొడ్డళ్ళతో, బరిసెలతో వెంటాడి చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చంపడానికి తుపాకి అవసరం లేదని, చంపినా ఏమీ కాదని మన రాష్ట్రం రుజువు చేసి పెట్టింది.

కాని తుపాకులున్న చోట ఏం జరిగిందో కూడా చూడాలి. బీహారులో 1996 జూలై 11న బథానీ టోలాలో 21 మంది. 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో ఒక్క రాత్రి 58 మంది. రణవీర్ సేన తుపాకులతో వచ్చింది. వాటిలో లైసెన్సున్నవి ఏవో, లేనివి ఏవో చచ్చిన పసిబిడ్డలకి తెలియదు. అక్కడ కూడా 2012లో, 2013లో పట్నా హైకోర్టు నిందితుల్ని వదిలేసింది. కోర్టు తీర్పులో తుపాకికీ గొడ్డలికీ తేడా లేదు. పల్లెలో మాత్రం తేడా ఉంది. గొడ్డలికి పదిమంది కావాలి. తుపాకికి ఒక్కడు చాలు. గొడ్డలి లేస్తే రక్తం పడాలి. తుపాకి లేస్తే చాలు, పీతల బుట్ట వదిలేసి నలుగురు పరిగెత్తుతారు. గొడ్డలి గాయం కనపడుతుంది, కేసు పెట్టొచ్చు. తుపాకి భయం కనపడదు, స్టేషన్లో "కాల్చలా గదా" అంటారు.

అయితే మనకీ ఇవ్వమందామా?

ఆ పిల్లగాడి ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాం. ఆ రాత్రి దీని మీదే తగువు నడిచింది. కుర్రకారు అన్నారు: వాళ్ళకుంటే మనకెందుకు ఉండకూడదు? నియమంలోనే ఉంది గదా, అడుగుదాం, పాళెమంతా అప్లికేషన్లు పెడదాం.

వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో ఈ మాటే విడమరిచి చెప్పాడు. ఈ దేశంలో అణగారిన జనం ఎందుకు తిరగబడలేదంటే, చాతుర్వర్ణ్యం వాళ్ళ చేతిలో ఆయుధం లేకుండా చేసింది, చదువు లేకుండా చేసింది. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. మహార్లు సైన్యానికి పనికిరారని తెల్లవాళ్ళు తలుపులు మూసేశాక, మళ్ళీ మహార్ రెజిమెంటు పుట్టింది 1941లో. దాని కోసం కొట్లాడిన వాళ్ళలో అంబేడ్కర్ ఉన్నాడు. తుపాకి మన చేతికి కొత్త కాదు, అచ్చి రాదనేది వాళ్ళ మాట. సరిహద్దులో మోస్తే సైనికుడు. బ్యాంకు గేటు కాడ మోస్తే కాపలావాడు. సొంతిల్లు కాచుకోవడానికి అడిగితే మాత్రం "ఎవరు రెచ్చగొట్టారు మిమ్మల్ని?" 2016 నియమాల్లో తీవ్రవాదుల నుంచి ప్రాణభయం ఉన్నవాళ్ళని పేరు పెట్టి చెప్పారు. కులోన్మాదుల నుంచి ప్రాణభయం ఉన్నవాళ్ళ పేరు అక్కడ లేదు.

అయినా ఆ రాత్రి చివరి మాట ఒక అవ్వ చెప్పింది. అంతసేపూ గోడకానుకుని వక్కాకు నములుతూ వింటోంది.

"అబ్బయ్యా, తాగొచ్చి పెళ్ళాం మీద కట్టె ఎత్తేవోళ్ళు మన పాళెంలో ఎంతమంది ఉండారో నాకు తెలుసు. కట్టె స్థానంలో తుపాకి వస్తే నా కోడలు ఎటు పరిగెత్తాలి? వాళ్ళ తుపాకి దించండి ముందు."

మేం అవ్వ పక్షం. మన ఇంట్లో తుపాకి ఉంటే మొదట భయపడేది మన ఆడవాళ్ళే. రెండోది, మన చేతిలో లైసెన్సు తుపాకి ఉన్న మర్నాడే మన మీద కేసు తయారవుతుంది, మన పిల్లగాడు నక్సలైటు అవుతాడు. మూడోది, తుపాకుల పోటీలో డబ్బున్నోడే గెలుస్తాడు. మూడు వాక్యాల్లో మనం గట్టిగా పట్టుకోవాల్సింది మొదటిదీ రెండోదీ. వాళ్ళవి దించండి. అక్రమమైనవి పట్టుకోండి.

అట్టాగని మూడో వాక్యాన్ని వదులుకోమనడం లేదు. హక్కు హక్కే. నిజంగా ప్రాణాపాయం ఉన్న సాక్షి, బెదిరింపులున్న సర్పంచి, ఊరొదిలి బతుకుతున్న బాధితుడు అడగొచ్చు, అడగాలి. కాదంటే కారణం రాసివ్వమని 14వ సెక్షను కింద నిలదీయాలి, 18వ సెక్షను కింద అప్పీలుకి పోవాలి. "ఈ దళితుడికి ప్రమాదం లేదు" అని ఒక అధికారి కాగితం మీద సంతకం పెడితే, రేపు ఆ మనిషికి ఏమన్నా అయితే ఆ సంతకమే సాక్ష్యం. మనకి తుపాకి కంటే ఆ కాగితం బలమైన ఆయుధం.

మనం అడగాల్సినవి

అందుకని వచ్చే విజిలెన్స్ కమిటీ సమావేశానికి ముందే ప్రతి వాడ నుంచీ కలెక్టరుకి అర్జీలు పోవాలని మా పిలుపు. అర్జీలో రాయాల్సినవి ఇవి.

లైసెన్సు కొత్తదైనా, రెన్యూవలైనా, వారసుడి పేరు మీదికి మార్పైనా పోలీసు విచారణ వాడలో కూడా జరపాలి. వాడ చెప్పిన మాట రిపోర్టులో రాయాలి.

అత్యాచారం కేసు నమోదైన ఊళ్ళలో ఎవరెవరికి లైసెన్సులున్నాయో ఆ జాబితా విజిలెన్స్ కమిటీ ముందు పెట్టాలి. రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చదవాలి.

తుపాకి చూపించి బెదిరించాడని ఫిర్యాదు వస్తే, కాల్చాడా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు తుపాకి స్టేషన్లో డిపాజిట్ చేయించాలి. ఆ ఫిర్యాదు తేలే దాకా కొడుకు పేరు మీదికి, బావమరిది పేరు మీదికి మార్చకూడదు. ఈ ఎత్తు తెలిసే 1995 నియమంలో బంధువుల మాట రాశారు.

ఆటకి ప్రభుత్వం భూమి ఇచ్చి, డబ్బిచ్చి పోషించే ప్రతి షూటింగు రేంజిలో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకి చోటుండాలి. 2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ ఆ గురుకులాల పిల్లలే. కొండ కొమ్ము ఎక్కిన పిల్లలకి పది మీటర్ల దూరంలో చుక్క కొట్టడం చేతగాదా? తుపాకిని మన పిల్లలు భయంగా కాదు, ఆటగా చూడాలి. చూసి, అక్కడే పెట్టి, ఇంటికి రావాలి.

ఇవి పెద్ద కోరికలు కావు. ఆసామి కొడుకు తుపాకి కాగితాలు నడిపించుకోవడానికి పడ్డంత శ్రమ మనం పడితే చాలు. ఆ కాగితాలు మోసింది మన పిల్లగాడే గదా. దారి తెలిసినోడు వాడే. ఈసారి అదే దారిన వాడు పాళెం అర్జీ మోసుకుని పోతాడు. ముత్తుకూరులో ఇచ్చి, నెల్లూరులో ఇచ్చి, రెండు చోట్లా రసీదు అడుగుతాడు.

రసీదు ఇవ్వకపోతే వాడొక్కడే తిరిగి రాడు. మనమందరం పోదాం.